తంగం ఉమ్మిన పంజు

మిల్లు సంగు ఊదగానే ఇరుళాయి పొయ్యి మీద నీళ్ళు పెడుతుంది. కోయంబత్తూరు మిల్లు కూలీల ఇళ్ళ లైన్లలో సంగు అంటే గుడిలో ఊదే శంఖం కాదు, మిల్లు కప్పు మీద నుంచి ఊరంతా అదిరేలా అరిచే సైరన్. నీళ్ళు కాగేలోపల ఆమె మొగుడు సుడలై తలా మీసమూ తెల్లగా చేసుకుని ఇల్లు చేరతాడు. ముసలితనం కాదు, పంజు. ఇక్కడ దూదిని ఎవరూ దూది అనరు. సుడలై పని బ్లోరూంలో. బేళ్ళు విప్పి, పంజు మిషన్లో వేసి దులిపించే గది అది. ఆ దుమ్ములో పక్కన నిలబడినవాడి ముఖం కూడా కనపడదు.

ఇంటికొచ్చి, ఒళ్ళు కడుక్కుని, చొక్కా లేకుండా గుమ్మంలో చాప మీద వెల్లకిలా పడుకుంటాడు. అప్పుడు రుబ్బురోలు వెనకనుంచి తంగం వస్తుంది.

తంగం ఉడుము. కోవిల్‌పట్టి నుంచి వచ్చిన పంజు బేలులో వేలెడంత పిల్లగా దొరికితే, సుడలై టిఫిన్ క్యారియర్లో పెట్టి ఇంటికి తెచ్చాడు. ఇప్పుడది వాడి చెయ్యికన్నా పొడుగు. నిదానంగా వాడి ఛాతీ మీదికెక్కి, గోళ్ళు పట్టించి, ముక్కు దగ్గర ముక్కు పెట్టి, వాడు వదిలిన ఊపిరి తాను పీల్చుకుంటుంది. అన్నం ఉడికేదాకా అదే పని. తర్వాత దిగి, పెరట్లో బట్టలుతికే రాతి దగ్గరికి పోయి తుమ్ముతుంది. తుమ్ముకొక పంజు ఉండ. ఇరుళాయి వాటిని ఏరి, ఉతికి, ఎండబెట్టి దిండ్లు కుడుతుంది. లైన్లో ఎవరింట్లో పెళ్ళయినా ఒక దిండు ఆమె ఇంటినుంచి పోవాల్సిందే. ఆవు పాలిస్తుంది, తంగం పంజిస్తుంది. ఇందులో చెప్పుకోవడానికి ఏముంది?

జనం చెప్పుకునేది సుడలై ఛాతీ గురించి. బ్లోరూంలో అందరూ దగ్గుతారు. ఆదివారం ఇంట్లో ఉండి సోమవారం పనిలోకి దిగితే ఛాతీ బిగిసిపోతుంది, సాయంత్రానికి మెట్లెక్కలేరు. పక్కింటి మారి అయితే సగం దారిలోనే కూలబడతాడు. సుడలై మాత్రం ఒక్కనాడు దగ్గలేదు. ఎవరైనా వెళ్ళి మేనేజర్ దగ్గర మొత్తుకుంటే ఆయన మాట ఒకటే: "సుడలై కూడా అక్కడే కదా పనిచేసేది? వాడికి లేని దగ్గు మీకేల వచ్చె? బీడీలు మానండి, పోండి."

సుడలైకి ఈ మాట వింటే మీసం లేచి నిలబడేది. రాబోయే మేస్త్రి ఉద్యోగం వాడిదేనని మేనేజరే చెప్పి ఉన్నాడు.

సరే, అట్లా సాగుతున్న ఇంట్లో తంగానికి జబ్బు చేసింది. కనిపెట్టింది ఇరుళాయే. మొదట తోక మొదలు సన్నబడింది. పగలగొట్టి పెట్టిన గుడ్డు వైపు ఒకసారి నాలుక చాపి ముఖం తిప్పేసుకుంది. పాత తోలు ఊడిపోకుండా కాలివేళ్ళకు చుట్టుకుని ఉండిపోయింది. ముక్కుల్లో బుడగలు. నోరు తెరుచుకుని గోడకానుకుని కూర్చుంటుంది. సాయంత్రమైతే మాత్రం ఎట్లో ఈడ్చుకుంటూ వెళ్ళి మొగుడి ఛాతీ ఎక్కుతుంది.

"ఏమయ్యా, తంగానికి ఒంట్లో బాగలేదు, చూడు" అంది.

"చలికాలం కదమ్మే, సోమరిపోతుగా ఉండాది" అన్నాడు సుడలై, కళ్ళు కూడా తెరవకుండా.

చలికాలమట! వైశాఖంలో! ఇరుళాయికి పళ్ళు పటపటలాడాయి. మగవాళ్ళకు తమ ఒంట్లో నలత తప్ప ఇంకెవరి నలతా కనపడదు, ఏం చెప్పమంటారు.

మిల్లువాళ్ళకు తెలిసిన మందు ఒకటుంది, బెల్లం. షిఫ్టు దిగేటప్పుడు గేటు దగ్గర ఒక ముక్క నోట్లో వేసుకుంటే గొంతులో పంజు కడుపులోకి జారిపోతుందని తాతలనాటి నమ్మకం. ఇరుళాయి అదే చేసింది. బెల్లం నలిపి, ఉండ చేసి, తంగం నోరు తెరిచి పొద్దూ మాపూ తోసింది. దాని మూతికి చీమలు పట్టాయి. కడుపు ఉబ్బింది. తుమ్ములు ఆగిపోయాయి.

ఇక లైన్లోవాళ్ళ సలహాలు. మారి పెళ్ళాం వళ్ళి వచ్చి చూసి, "అక్కా, చావకముందే కూరొండెయ్. ఉడుం కూర ఛాతీకి మంచిది, మా ఆయనకి రొంత పెట్టు" అంది.

"నీ నోట్లో మన్ను పడ! మీ ఇంట్లో దిండు ఎవరిచ్చిన పంజే?" అని ఇరుళాయి చీపురు ఎత్తింది.

నాటువైద్యుడు ఇంకా గొప్పవాడు. తైలం తీస్తే ఎంతొస్తుందా అని తంగం పొట్ట నొక్కి చూశాడు. గంపలో పెట్టుకుని గొడ్ల ఆస్పత్రికి మోసుకుపోతే అక్కడ ఎడ్లూ బర్రెలూ అయ్యేదాకా ఎండలో కూర్చోబెట్టారు. డాక్టరు చివరికి గంప మూత తీసి, చికాగ్గా చూసి, "ఇదేంటమ్మా, దీనికి బెల్లం పెట్టారా? మాంసం తినే జీవికి బెల్లమేంటి!" అని కసిరాడు. "ఎండలో ఉంచు. గుడ్డు పెట్టు. నీళ్ళలో నానబెట్టి ఆ తోలు మెల్లగా తియ్యి. ఊపిరితిత్తుల్లో ఏదో అడ్డం పడి ఉంది. ఇంట్లో దుమ్మేమన్నా ఉందా?"

"దుమ్మా? దినమూ పేడతో అలికే ఇల్లు సామీ మాది!" అని ఇరుళాయి కోపం తెచ్చుకుని గంపెత్తుకుని వచ్చేసింది.

ఆ వారమే సుడలై చెల్లెలి బిడ్డకు చెవులు కుట్టిస్తున్నారని మేలూరు పోయాడు. వాడు లేని నాళ్ళలో తంగం తోలు విడిచింది. గుడ్డు మింగింది. ఉతికే రాతి మీద ఎండలో పరుచుకుని పడుకుంది. ఇరుళాయి మురిసిపోయి, గొడ్ల డాక్టరును తిట్టుకున్నందుకు చెంపలు వేసుకుంది. సుడలై తిరిగొచ్చి సోమవారం పనికి పోయి వచ్చాడు. తంగం వాడి ఛాతీ ఎక్కింది. దిగేటప్పటికి ముక్కుల్లో మళ్ళీ బుడగలు.

ఇరుళాయి చేతిలో గరిటె అట్లాగే ఆగింది. ఇంట్లో దుమ్ము ఎక్కడుందో అప్పుడు తెలిసింది. చాప మీద పడుకుని, మీసం దువ్వుకుంటూ ఉంది.

"రేపటినుంచి నువ్వు దాన్ని తాకొద్దు" అంది.

"ఏల?"

"నీ ఛాతీలో చెత్తంతా అది మోస్తా ఉండాది. మోయలేక చస్తా ఉండాది. బ్లోరూం వదిలెయ్యయ్యా. వేరే డిపార్టుమెంటు అడుగు."

"పిచ్చా నీకు? మేస్త్రి అయ్యేటప్పుడు వదిలేదా? వచ్చే సోమవారం సర్కారు డాక్టరు వచ్చి అందరి ఛాతీలూ చూస్తాడు. యూనియన్‌వాళ్ళు పిలిపించిండారు. వరసలో మొదట నన్నే నిలబెడతానని మేనేజర్ చెప్పినాడు. నా ఛాతీ బాగుంటే చాలు, పంజు వల్ల జబ్బు రాదని తేలిపోతాది."

"మరి మారి సంగతి?"

"వాడు బీడీ తాగుతాడు."

"నువ్వు ఉడుమును తాగుతా ఉండావు!"

మాటకు మాట పెరిగి, సుడలై అన్నం పళ్ళెం తోసేసి లేచిపోయాడు. ఇరుళాయి తంగాన్ని ఉతికే రాతి మీద కోళ్ళ గంప కింద పెట్టి, పైన పొత్రం బరువుంచింది. ఎండ దానికి, కాపలా తనకు. వారం తిరక్కముందే సుడలైకి ఛాతీ బిగియడం మొదలైంది. గుమ్మంలో ఆగి ఆగి ఊపిరి తీసుకున్నాడు. దగ్గు వస్తే తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. చూస్తుంటే ఆమెకు గుండె తరుక్కుపోయేది, ఆ వెంటనే ఒళ్ళు మండేది. ఇద్దరిలో ఎవరిని బతికించుకోవాలో తేల్చమని ఏ దేవుడు చెప్పాడు తనకు?

ఆ సోమవారం పొద్దున ఆమె కొళాయి దగ్గరికి పోయి వచ్చేసరికి పొత్రం నేల మీద ఉంది. గంప తిరగబడి ఉంది. సుడలై చాప మీద పడుకుని తంగాన్ని ఛాతీ మీద పెట్టుకున్నాడు.

బిందె దభీమని కింద పెట్టింది. "దించయ్యా! చస్తాదది!"

"ఈ ఒక్కసారే" అన్నాడు సుడలై. ఆ రెండు ముక్కలకే ఆయాసపడ్డాడు. "ఈ ఒక్క పొద్దే. నీ కాళ్ళు పట్టుకుంటా."

తంగం వాడి ముక్కు దగ్గర ముక్కు పెట్టింది. నాలుక చాపింది, లోపలికి తీసుకుంది. చాలాసేపు వాడి ముఖం చూసింది. తర్వాత ఒక్కో కాలి గోళ్ళు వదులు చేసుకుంటూ వచ్చింది. గోడ పట్టుకుంటే తాడు కట్టి లాగినా ఊడని జాతి అది. దిగి, తనంతట తాను పెరట్లోకి నడిచి, రాయెక్కి ఎండలో పడుకుంది.

"నన్ను వదిలేసిందే" అన్నాడు సుడలై. వాడి ఛాతీ మీద గోళ్ళ గుర్తులు ఎర్రగా ఉన్నాయి.

ఇరుళాయి బిందె పక్కకు జరిపి వాడి దగ్గర కూర్చుంది. "దానికింక లోపల చోటు లేదయ్యా" అంది.

మిల్లు ఆస్పత్రి కిటికీ బయట ఆడవాళ్ళంతా చేరారు. వరసలో మొదట సుడలై, వాడి వెనక మారి. మేనేజర్ సర్కారు డాక్టరు పక్కనే నిలబడి, "వీడు బ్లోరూం మనిషే డాక్టర్. మొదటినుంచీ అక్కడే. ఒకసారి ఛాతీ చూడండి" అన్నాడు నవ్వుతూ.

డాక్టరు గొట్టం పెట్టాడు. "దగ్గుందా?"

సుడలై లేదనడానికి నోరు తెరిచాడు. దగ్గు వచ్చింది. ఇన్నేళ్ళ దగ్గు ఒక్కసారిగా వచ్చింది. వంగి, బల్ల పట్టుకుని, కళ్ళలో నీళ్ళు కారేదాకా దగ్గాడు. తెల్ల గుడ్డ పరిచిన బల్ల మీద పంజు ఉండ పడింది. వెనకనుంచి ఎవరూ నవ్వలేదు. మారి ముందుకొచ్చి వీపు నిమిరాడు.

డాక్టరు ఆ ఉండను వేళ్ళతో విడదీసి చూశాడు. "ఎప్పటినుంచి?"

"ఈ పొద్దే వచ్చిండాలి, జలుబు..." అని మేనేజర్ అందుకున్నాడు.

సుడలై వీపు మీద ఇంకా మారి చెయ్యి ఉంది.

"లేదు సామీ. మొదటినుంచీ ఉండాది. ఇంట్లో ఉడుము తీసుకుంటా ఉండె, అందుకే తెలీలేదు" అన్నాడు సుడలై.

మేనేజర్ కిటికీవైపు తిరిగి నిలబడ్డాడు. డాక్టరు తల ఊపాడు. "ఉడుముకెట్లా ఉంది?" అని అడిగాడు.

కిటికీ బయట ఇరుళాయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇన్నాళ్ళలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే.

"బాగలేదు సామీ" అన్నాడు సుడలై.

"నిన్ను ఆ గదిలోనుంచి తీస్తే అదీ బాగుపడుతుంది. పక్కకు నిలబడు. వెనకాయన రండి."

మారి ముందుకొచ్చి చొక్కా విప్పాడు.

మేస్త్రి ఉద్యోగం ఇంకెవరికో పోయింది. సుడలైని మిల్లు తోటలో చెట్లకు నీళ్ళు పోసే పనిలో వేశారు, మారిని గేటు దగ్గర. సుడలై పెళ్ళాంతో చాలా రోజులు మాట్లాడలేదు. పొద్దునే లేచి గొణుక్కుంటూ గుడ్డు పగలగొట్టి తంగం ముందు పెట్టేవాడు, అంతే.

తంగం తోక మళ్ళీ లావెక్కింది. సాయంత్రం సంగు ఊదితే ఇప్పటికీ వాడి ఛాతీ ఎక్కుతుంది. ముక్కు దగ్గర ముక్కు పెట్టి, కాసేపు పీల్చి, ఏమీ దొరక్క అక్కడే నిద్రపోతుంది. సుడలై దాన్ని లేపకుండా, కూడు చల్లారిపోతున్నా అట్లాగే పడుకుని ఉంటాడు.

మొన్న వళ్ళి వచ్చింది. చెల్లెలి పెళ్ళికి దిండు కావాలంది. ఇరుళాయి అటక మీదనుంచి సగం నింపిన దిండొకటి తీసి చూపించింది.

"ఇంతే ఉండాది. ఇంక రాదు, పో" అని నవ్వింది.