పొగ రాని పొయ్యి

ఆ శుక్రవారం పని తొందరగా ముగిసి మధ్యాహ్నమే బస్సు దిగి వీధి మలుపు తిరిగిన హిలరీ బ్లెంకిన్‌కు తన ఇంటి చిమ్నీలోంచి దట్టమైన పొగ సుళ్లు తిరుగుతూ లేవడం కనిపించింది.

ఇల్లంటుకుందనుకుని పరిగెత్తింది. గేటు దాకా వచ్చేసరికి మంటలేమీ లేవు, పొగ ఒక్కటే. అది మరీ ఘోరం. ఇల్లు కాలితే జాలిపడతారు. పొగ వస్తే నవ్వుతారు.

ఇంగ్లండ్‌లోని హల్ రేవు నగరంలో ఆ పేట మొత్తం పొగ నిషేధ ప్రాంతం. ఎదురింటి నార్మా తన పాత పొయ్యిలో తడి కట్టెలు కాలుస్తోందని కిందటి చలికాలం నగర కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసింది హిలరీయే. నార్మా పొయ్యి మూతపడింది. తర్వాత హిలరీ తనకోసం కట్టెల పొయ్యి కొనుక్కుంది. అది పొగ రాని రకం, కౌన్సిల్ ఒప్పుకున్న రకం. అయినా నార్మా వీధిలో నిలబడి నవ్వింది. హిలరీకి ఒళ్లు మండి, "దీన్లోంచి పొగంటూ వస్తే నా చేతుల్తోనే పీకి చెత్తలో పారేస్తా" అని వీధంతా వినేలా అనేసింది.

ఆ నార్మా ఇప్పుడు గేటు దగ్గరే ఉంది. ఫోను పైకెత్తి పట్టుకుంది.

"కంగారేం లేదు, నెమ్మదిగా రా హిలరీ. వెలుతురు బాగుంది. వీడియో చక్కగా వస్తోంది."

"ఏదో పొరపాటు జరిగింది నార్మా గారూ."

"అవునమ్మా. నాకు జరిగితే నేరం, నీకు జరిగితే పొరపాటు."

హిలరీ లోపలికి దూసుకెళ్లింది. వెనకే నార్మా, ఎవరూ పిలవకుండానే. పొయ్యి అద్దం నల్లగా మసిబారి ఉంది. పక్క కుర్చీలో నాన్న విల్ఫ్ గడ్డం దాకా దుప్పటి కప్పుకుని గురక పెడుతున్నాడు. గురక మరీ పద్ధతిగా ఉంది.

"నాన్నా, పొయ్యి ఎవరు వెలిగించారు?"

"ఊఁ? టీ పెట్టావా?"

హిలరీ బుట్టలోంచి ఒక కట్టె తీసి, తేమ చూసే మీటరు ముళ్లు అందులో గుచ్చింది. ఎండిపోయి గలగలలాడే కట్టె. తప్పు కట్టెది కాదు. చటుక్కున నార్మా వైపు తిరిగింది.

"మా ఇంటి తాళంచెవి మీ దగ్గరొకటి ఉంది కదూ."

"ఉంది. మధ్యాహ్నం మీ నాన్నకి సూప్ తెచ్చిస్తున్నందుకు నువ్విచ్చిందే. ఇప్పుడు నన్ను దొంగని చేస్తావా?" అంది నార్మా, ఫోను మాత్రం దించకుండా.

హిలరీ వంటింట్లోకి నడిచింది. కిటికీలోంచి చూస్తే పెరటి గోడ మీద మూడు పిల్లులు బారులు తీరి కూర్చున్నాయి. మూడూ ఆమె చిమ్నీ వైపే చూస్తున్నాయి, గుళ్లో హారతి కోసం ఎదురుచూసే భక్తుల్లా. గోడ కింద జెరేనియం పూల కుండీ ఒక లేతరంగు పలక మీద కొలువు తీరి ఉంది.

అలాంటి పలకనే ఆమె పొయ్యిల షాపులో చూసింది.

పొయ్యి ఎంచుకోవడానికి శరదృతువంతా తిరిగింది. చివరికి రెండు మిగిలాయి: పొట్టిగా వెడల్పుగా ఒకటి, పొడుగ్గా సన్నగా ఒకటి. ఆమెకు పొట్టిది నచ్చింది. షాపతను రెండిటికీ ఒకే కిటుకు చెప్పాడు. లోపల పైన ఉండే పలక పొగను వెనక్కి మళ్లించి మళ్లీ కాలుస్తుంది. గాలి మీట పూర్తిగా మూసుకోకుండా ఒక మర అడ్డం ఉంటుంది, అందుకే కట్టె పొగలుకక్కదు. నాన్న పొడుగుదాని లోపలికి తల దూర్చి మరీ చూశాడు. ఆ పలక ఎలా ఊడుతుందో రెండుసార్లు అడిగి చూపించుకున్నాడు. "ఇదే తీసుకో తల్లీ. లోపల ఎత్తుంది" అన్నాడు. ఈ వయసులో కూడా పొయ్యి శుభ్రం చేసిపెడదామనుకుంటున్నాడని హిలరీ కళ్లు చెమ్మగిల్లాయి.

ఇప్పుడు కళ్లు పొగకు చెమ్మగిల్లాయి. గాలి మీట పూర్తిగా మూసి ఉంది. మర లేదు. చేతికి తొడుగు వేసుకుని పొయ్యి తలుపు లాగింది.

అడుగున ఓక్ రంపపు పొట్టు కునుకుతున్నట్టు రాజుకుంటోంది. పైన తీగకు, తలలు పైకి తోకలు కిందికి, బంగారు రంగు తిరిగిన హెర్రింగ్ చేపలు వేలాడుతున్నాయి.

గురక ఆగిపోయింది.

నార్మా ముక్కు ఎగబీల్చింది. మళ్లీ ఎగబీల్చింది. ఫోను పట్టుకున్న చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

"విల్ఫ్," అంది అనుమానంగా, "ఈ వాసన నాకు తెలుసు."

విల్ఫ్ దుప్పటి తీసి మడతపెట్టి, మడత సరిచేసి, గొంతు సవరించుకున్నాడు.

"సరే, నేనే. పలక తీసింది నేనే, మర విప్పింది నేనే. అది నా కళ్లజోడు పెట్టెలో భద్రంగా ఉంది తల్లీ, బెంగపడకు. ఆ పొట్టి పొయ్యి చూడగానే తెలిసిపోయింది, హెర్రింగ్ తోక బూడిదలో ఆనుతుందని. అందుకే నీచేత పొడుగుది కొనిపించా. బతుకంతా పొగగదిలో చేపలు వేలాడదీసి పొగబెట్టిన వాణ్ణి, ముసలితనంలో ప్లాస్టిక్ కవర్లోని రంగు పూసిన చేప తినమంటే ఎలా? శుక్రవారాలే చేశా. నువ్వు పనిలో ఉంటావు, నార్మా సూప్ ఇచ్చేసి బింగో ఆటకి పోతుంది. ఇవాళ బింగో లేదని నాకెవరు చెప్పారు? నార్మా, ఆ వీడియో కౌన్సిల్‌కి పంపాలనుకుంటే పంపు. కాకపోతే వాళ్లొచ్చి అడిగితే నేను అబద్ధమాడలేను. ప్రతి ఆదివారం పొద్దున నువ్వు లొట్టలేసుకుంటూ తినే చేపల జత, నేను చెప్పినట్టు రేవులో స్నేహితుడిచ్చింది కాదు, ఈ పొయ్యిలోదే. ఒక జతకైతే పొగ ఇంత రాదు. పోయినవారం, మా అక్కకి కూడా ఇంకో జత కావాలన్నావు చూడు. నువ్వు వీడియో తీసిన పొగ ఆ రెండో జతదే."