స్నానం తప్పించుకున్న పిల్ల

ఆర్టిస్టు దగ్గుమందు డబ్బాకి అక్షరాలు దిద్దుతున్నాడు. నాలుక చివర పళ్ల మధ్య నొక్కిపెట్టి, ఊపిరి బిగబట్టి గీత లాగడం ఆయన అలవాటు. మోచేతుల దాకా మడిచిన చొక్కా, కాయ కాసిన చూపుడువేలు, ఎంత తోమినా గోళ్ల సందుల్లోంచి వదలని నీలిరంగు. ఊళ్లో ప్రతి వంటింట్లోనూ ఏదో ఒక డబ్బా మీద ఆయన చేతి గీత ఉంటుంది. ఆయన పేరు మాత్రం దేనిమీదా ఉండదు.

ఆ ఉదయం భార్య తన తమ్ముడి మీద మండిపడుతోంది. అతనిది సబ్బుల కంపెనీ. ఇన్నాళ్లూ సబ్బు రేపర్ల మీద బొమ్మలన్నీ బావే వేశాడు. ఇప్పుడు పిల్లల సబ్బు తెస్తూ, ఎవరైనా బొమ్మ పంపవచ్చని పోటీ పెట్టాడు. పైగా బావనే జడ్జిగా రమ్మన్నాడు.

"ఇంట్లో ఆర్టిస్టును పెట్టుకుని ఊరంతా దండోరా వేశాడు. మీరు వెళ్లారంటే నామీద ఒట్టే" అందామె.

ఆయన నవ్వి చెప్పులేసుకున్నాడు.

కంపెనీ గదిలో గోడల నిండా బొమ్మలే. నురగలు, పువ్వులు, బాతులు, బూరెబుగ్గలు. మనసులో చిన్న ముల్లు ఉన్నమాట నిజమే కానీ, నాలుగు బొమ్మలు చూసేసరికి ఆ సంగతే మరిచిపోయాడు. ఒకచోట ఆగి, పొట్ట పట్టుకుని నవ్వాడు. ఒళ్లంతా నురగతో, తువ్వాలు పట్టుకున్న చేతిని తప్పించుకుని ఓ పిల్ల పరుగెడుతోంది. కాళ్లు వంకర. అక్షరాలు ఒకదానిమీదొకటి ఎక్కాయి. వేసింది ఒక బస్సు కండక్టరమ్మ, తన మనవరాలిని చూసి.

బావమరిది మొహం చిన్నబోయింది. ఈ గొడవంతా లేకుండా నిన్నే వెయ్యమంటే పోయేది కదా బావా అని నసిగాడు.

"నన్నడిగితే సబ్బు వేసేవాణ్ణిరా. ఆవిడకి పిల్ల తట్టింది."

"ఇది అచ్చుకెలా పనికొస్తుంది?"

"అందుకు నేనున్నాగా."

కండక్టరును పిలిపించారు. యూనిఫాంలోనే బెరుగ్గా వచ్చింది. పిల్ల ఎలా పరుగెడుతుంది, నవ్వితే కళ్లు మూసుకుంటుందా అని ఆర్టిస్టు అడిగాడు. ఆమె కాసేపు తటపటాయించి, చివరికి గదిలో ఆ మూలనుంచి ఈ మూలకి పరుగెత్తి చూపించింది. గుమాస్తాలు గుమ్మం దగ్గర మూగారు. రేపరు మీద ఇద్దరి పేర్లూ వేయిస్తానని బావమరిది అంటే ఆర్టిస్టు కాదనలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఇంటికొచ్చి చొక్కా అయినా మార్చకుండా బల్ల ముందు కూర్చున్నాడు. కాళ్ల వంకర కొంచెం తీశాడు, కొంచెం ఉంచాడు. అక్షరాలకు చోటు చేశాడు. మూతి ముడుచుకునే టీ తెచ్చిన భార్య, భుజం మీదుగా తొంగిచూసి ఫక్కున నవ్వేసింది.

"చూశావా, నీకూ నవ్వొచ్చింది" అన్నాడు తృప్తిగా. కాస్త నడుం వాలుస్తానని పక్కనున్న పడక్కుర్చీలో ఒరిగాడు.

అన్నానికి లేపబోతే ఆయన లేవలేదు. చెయ్యి అప్పటికే చల్లబడింది. మొహంలో మాత్రం, గీత బాగా కుదిరినప్పటి నిదానం.

మర్నాడు కండక్టరు వచ్చి, ఆర్టిస్టు భార్య చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చుంది. వెళ్లబోతూ బల్ల దగ్గర ఆగింది.

"ఇవి నేను వెయ్యలేదండీ" అంది మెల్లగా.

బల్ల మీద ఆరిన కాగితంలో, పరుగెత్తే పిల్ల వెనకాల, అంచుదాకా నీలిరంగుతో దిద్దిన చిన్న చిన్న తడి అడుగులు.