పానాల దుర్గప్ప

మూడో జాకీని పెట్టెలోంచి ఎత్తి బయట పెట్టేసరికి దుర్గప్పకు ఆయాసం వచ్చింది. నడుం మీద చెయ్యి వేసుకుని కాసేపు అలాగే వంగి నిలబడ్డాడు. పెట్టెలో ఇంకా రెండు జాకీలున్నాయి. ఇవాళ వాటిని తియ్యకపోయినా అడిగేవాడెవడూ లేడు. అయినా వంగి నాలుగోదాన్ని కూడా తీశాడు. ఐదోదాన్ని మాత్రం ఉండనిచ్చి పెట్టె మూత వేసి, దాని మీదే కూర్చున్నాడు.

బీదర్ పాత ఊళ్ళోకి పోయే రోడ్డు పక్కన, మూతబడిన ఒక గోదాము గోడ వారన అతని అంగడి. అంగడంటే నాలుగు గోనెసంచులు కలిపి కుట్టిన పట్టా, పైన కర్రకు కట్టిన ఒక నీలం ప్లాస్టిక్ గుడ్డ, అంతే. పట్టా మీద ఒక వరస జాకీలు, ఒక వరస చక్రాల నట్లు విప్పే పానాలు, వాటి పక్కన ఇనప రాడ్లు, పైపు ముక్కలు, డబ్బాల్లో నట్లూ బోల్టులూ ఉంటాయి. ప్రమాదాల్లో నుజ్జయిన కార్ల నుంచి, తుక్కు కింద పోయిన జీపుల నుంచి వచ్చిన సరుకు. దుర్గప్ప ఒక్కొక్క పానాను గుడ్డతో తుడిచి, నోరు తనవైపు, పిడి రోడ్డువైపు ఉండేలా పేర్చాడు. నోరు కనపడకుండా పేర్చడం పద్నాలుగేళ్ళ అలవాటు.

అతనికి అరవై మూడేళ్ళు. పొట్టి మనిషి, మనిషికి తగని పెద్ద చేతులు. చిట్గుప్ప పక్క పల్లెలో పుట్టి, పదిహేనో ఏట లారీ మీద క్లీనర్‌గా ఎక్కాడు. ముప్పై నాలుగేళ్ళు హైవే మీదే బతికాడు. డ్రైవరు కాలేదు. ఎందుకు కాలేదని ఎవరైనా అడిగితే చెప్పడానికి పెద్ద కారణమేమీ లేదు. చక్రాలు మార్చడం బాగా వచ్చినవాణ్ణి చక్రాల దగ్గరే ఉంచారు. ఎండలో, వానలో, ఘాటు రోడ్ల మలుపుల్లో ఎన్ని వందల చక్రాలు విప్పాడో లెక్కలేదు. చివరికి నడుములో ఎముక జారింది. బరువులెత్తితే మంచం పడతావని డాక్టరు చెప్పాడు. ఆ తర్వాత దొరికిన బతుకుతెరువు ఈ జాకీలు ఎత్తి పెట్టడం.

బీదర్ శివారు చిద్రిలో ఒక గది అద్దెకు తీసుకుని భార్యాభర్తలిద్దరూ ఉంటారు. భార్య బసమ్మ ఒక మెస్సులో రోజంతా జొన్నరొట్టెలు చేస్తుంది. పొద్దున అతను లేచేసరికి ఆమె వెళ్ళిపోయి ఉంటుంది, సాయంత్రం ఆమె వచ్చేసరికి అతను పడుకుని ఉంటాడు. ఇద్దరికీ మాట్లాడుకునే ఓపిక ఉండేది ఆదివారాలే.

బేరాలు తగ్గిపోయి చాలాకాలమైంది. టైరు పంక్చరైతే ఇప్పుడందరూ ఫోను తీసి ఎవరినో పిలుస్తారు. డిక్కీలో పానా ఉందో లేదో చూసుకునేవాళ్ళు తక్కువ. పాత కారు కొన్నవాళ్ళు మాత్రం అప్పుడప్పుడు వస్తారు. వచ్చినవాళ్ళు పానాను చేతితో ఎత్తి బరువు చూస్తారు, నలుపు రంగు మెరుస్తోందా అని చూస్తారు. నట్టు మీద పెట్టి చూసినవాడు ఈ పద్నాలుగేళ్ళలో ఒక్కడూ లేడు. ఆ సంగతి దుర్గప్ప మొదటి ఏడాదే కనిపెట్టాడు. నోరు అరిగి వెడల్పయిన పానాను కొలిమిలో కాల్చి, సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి నోరు దగ్గరికి చేసి, నల్లరంగు పూస్తే కొత్తదానిలా ఉంటుంది. అది రెండు పట్లు పడుతుంది, మూడో పట్టుకు జారుతుంది. డిక్కీలో పడి ఉండేదే కదా అనుకునేవాడు. కొన్నాళ్ళకు అలా అనుకోవడం కూడా మానేశాడు.

పదకొండు గంటలప్పుడు ఒక చిన్న తెల్ల కారు వచ్చి రోడ్డు పక్కన ఆగింది. నలభై ఏళ్ళ లోపున్న ఒకామె దిగింది. సన్నటి మనిషి, తెల్ల కోటు మడిచి చేతి మీద వేసుకుంది. కుడిచేతి రెండు వేళ్ళకు కట్టు ఉంది. మొదట కన్నడంలో అడిగింది. పక్కనున్న చెరుకురసం బండి దత్తుతో దుర్గప్ప తెలుగులో మాట్లాడటం విని తనూ తెలుగులోకి మారింది.

"చక్రం ఇప్పే పానా కావాలె మామా. నా చేతుల బలానికి ఇప్పగలిగేది కావాలె."

"ఇంట్ల మగాయన ఉంటే తోలియ్యమ్మా. చూసి ఇస్త."

"ఇప్పేది నేను. ఆయనొచ్చి ఏం చూస్తడు?" అంది ఆమె. కోపంగా అనలేదు, చాలామందికి చెప్పి అలిసిపోయిన గొంతుతో అంది. తర్వాత సంచిలోంచి ఒక పానా తీసి పట్టా మీద పెట్టింది. "గిసొంటిది మాత్రం వద్దు."

దుర్గప్ప దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. నల్లరంగు అక్కడక్కడా లేచింది. నోటి చుట్టూ నాలుగు పక్కలా నాలుగు సుత్తిదెబ్బలు. ఎవరి అక్షరాలు వాళ్ళకు తెలిసినట్టు అవి తనవేనని తెలిసిపోయింది.

"ఇదెక్కడిదమ్మా?" అన్నాడు.

చిట్గుప్పలో ఒకాయన దగ్గర పాత కారు కొన్నానని, దాంతోపాటే వచ్చిందని ఆమె చెప్పింది. ఆమె పేరు దీనా. హళ్ళిఖేడ్ దగ్గరి ఊళ్ళలో పిల్లలకు టీకాలు వేసే నర్సు. మూడు వారాల కిందట పని ముగించుకుని వస్తుంటే పొద్దుగూకే వేళ చెరుకుతోటల మధ్య టైరు పోయింది. ఎలా మార్చాలో ఫోనులో చూసి నేర్చుకుని ఉంది, భయపడలేదు. పానా పెట్టి చేతుల బలమంతా వేసి లాగింది. జారింది. మళ్ళీ పెట్టింది. మూడోసారి జారినప్పుడు చెయ్యి వెళ్ళి తారురోడ్డుకు కొట్టుకుంది. ఒక వేలి గోరు ఊడింది, ఇంకో వేలి ఎముక చిట్లింది. మోటారుసైకిలు మీద ఇద్దరు పోతూ ఆగారు. ఏమైందని అడిగి, సాయం చెయ్యకుండా ఆమెను చూస్తూ నిలబడ్డారు. వెళ్ళి, మళ్ళీ తిరిగొచ్చారు. ఆమె కార్లో కూర్చుని తలుపులు బిగించుకుంది. వాళ్ళు అద్దం మీద వేళ్ళతో కొడుతూ నవ్వారు. చెరుకు ట్రాక్టరొకటి వెలుతురు వేసుకుంటూ వచ్చేదాకా గంట పైగా అలాగే కూర్చుంది. చక్రం మార్చింది ఆ ట్రాక్టరతనే.

ఇదంతా ఆమె ఆస్పత్రిలో రోగి వివరాలు చెప్పినట్టు చెప్పింది. చివరికి మాత్రం ఒక్క మాట అంది.

"ఇది అమ్మినోడు ఎవడో గాని మామా, గా రోడ్డు మీద ఒక్కపూట నిలబడాలె."

దుర్గప్ప తల ఎత్తలేదు. "ఎవడో" అన్నాడు.

తర్వాత లేచి, పట్టా మీది పానాల్లోంచి ఒకటి తీసుకుని కారు ముందు చక్రం దగ్గర కూర్చున్నాడు. నట్టు మీద పెట్టి అటూ ఇటూ ఆడించాడు. కటకటమంది. పక్కన పెట్టాడు. ఇంకొకటి తెచ్చాడు. అదీ ఆడింది. పానా నట్టు మీద కూర్చుంటే కదలకూడదు. క్లీనర్‌గా చేరిన మొదటి వారమే డ్రైవరు అంబాదాస్ ఆ సంగతి చెంప మీద కొట్టి మరీ నేర్పాడు. దుర్గప్ప లేచి వెళ్ళి తెస్తున్నాడు, పెడుతున్నాడు, తీస్తున్నాడు. పంతొమ్మిదోది పెట్టినప్పుడు చప్పుడు రాలేదు. ఆడించి చూశాడు, కదల్లేదు. అప్పటికి చొక్కా వీపంతా తడిసిపోయింది. తన అంగట్లో అసలైన పానా కోసం పంతొమ్మిది వెతకాల్సి వచ్చిందన్న సంగతి ఆమె గమనించిందో లేదో అతనికి తెలియలేదు.

దానికి మూరన్నర పైపు ముక్క ఒకటి తొడిగాడు. జాకీల్లో చిన్నదాన్ని ఎంచి, నూనె వేసి, మర రెండుసార్లు పైకీ కిందికీ తిప్పాడు. జాకీ కింద వెయ్యడానికి జానెడు చెక్కపలక, చక్రాలకు అడ్డం పెట్టడానికి రెండు చెక్కముక్కలు తెచ్చాడు. అవన్నీ ఆమె ముందు పెట్టి, చేత్తో చూపించకుండా నోటితోనే చెప్పాడు. మొదట అడ్డం పెట్టమన్నాడు. చక్రం నేల మీద ఉండగానే నట్లు వదులు చెయ్యమన్నాడు.

ఆమె చేతులతో పైపు పట్టుకుని నొక్కింది. కదల్లేదు. కట్టున్న వేళ్ళు చూసి ఆగిపోయింది.

"చేతులతోని కాదమ్మా. కాలు పెట్టు. నీ బరువంత దాని మీద మోపు. నువ్వు లాగొద్దు, పైపు లాగుతది."

ఆమె కారుకు చెయ్యి ఆన్చి పైపు చివర పాదం పెట్టి ఒరిగింది. కిర్రుమని నట్టు తిరిగింది. నాలుగు నట్లూ అలాగే తిరిగాయి. జాకీ ఎత్తడం, చక్రం తియ్యడం, స్టెప్నీ ఎక్కించడం, ఎదురెదురు నట్లు బిగించడం అన్నీ తనే చేసింది. అంచులు అరిగిన ఒక నట్టుకు బదులు దుర్గప్ప డబ్బాలోంచి మంచిది వెతికి ఇచ్చాడు. మళ్ళీ మొదటి నుంచీ చెయ్యమన్నాడు. ఆమె మళ్ళీ చేసింది. అయిపోయాక మసి అంటిన అరచేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకుంది.

"గింతేనా మామా?"

"గింతే. పానా మంచిది ఉంటే గింతే."

ఆమె వెల అడిగితే, ఆ పాతది ఇచ్చి పొమ్మన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. వద్దంటున్నా ఒక నోటు పట్టా అంచు కింద పెట్టి, చాలా మేలు చేశావు మామా అని రెండు చేతులూ జోడించి వెళ్ళింది. కారు మలుపు తిరిగేదాకా అతను ఆ దండం పెట్టిన చోటే చూస్తూ ఉన్నాడు. ఆ పాత పానా తనదేనని చెప్పలేదు. పిలిస్తే వినబడేంత దూరంలోనే ఆమె ఉన్నప్పుడు అతను పిలవలేదు.

మధ్యాహ్నం రొట్టె విప్పాడు గానీ తినలేదు. ఎండ నీలం గుడ్డలోంచి దిగి పట్టా మీద పడుతోంది. తుక్కులో వచ్చిన, చక్రం బిగించే దిమ్మ ఒకటి బోల్టులు, నట్లతో సహా గోడ పక్కన పడి ఉంది. దాన్ని కాళ్ళ మధ్యకు లాక్కుని, వరసలోంచి ఒక పానా తీసి నట్టుకు పెట్టి ఆడించాడు. చప్పుడైంది. పొగాకు సంచిలోంచి సున్నం డబ్బీ తీసి, వేలితో సున్నం అద్ది పిడి మీద ఒక గుర్తు పెట్టి, గోడ వారన పెట్టాడు. ఇంకోటి తీశాడు. దీనా ఇచ్చి పోయినదానికి కూడా గుర్తు పెట్టి అందులో కలిపేశాడు. అవన్నీ సాయంత్రం తుక్కుకు వేసెయ్యాలి. మళ్ళీ కాల్చడం, కొట్టడం వద్దు. అమ్ముడై వెళ్ళిపోయినవాటి సంగతి తలుచుకుంటే చెయ్యి ఆగేది. ఏయే కార్ల డిక్కీల్లో, ఏయే ఊళ్ళలో ఉన్నాయో. ఆగిన చెయ్యి మళ్ళీ ఇంకోటి అందుకునేది.

మూడు గంటలకు, దీనా ఇచ్చినదానితో కలిపి, అవి పన్నెండయ్యాయి. ఛాతీలో బరువుగా ఉంటే గ్యాసు అనుకున్నాడు. దత్తు దగ్గరికి వెళ్ళి నిమ్మకాయ పిండిన రసం తాగాడు. ముఖం అట్లున్నదేంది మామా, ఇంటికి పోరాదా అని దత్తు అడిగితే, కొంచెం పనుంది, అయినాక పోత అని గ్లాసు చేతిలోనే పట్టుకుని అంగడికి వచ్చాడు.

అప్పుడే ఎవరో ఒకతను స్కూటరు ఆపి వచ్చి గోడ వారనున్న వాటిలోంచి ఒక పానా ఎత్తి, దీనికెంత అన్నాడు. దుర్గప్ప దాన్ని అతని చేతిలోంచి తీసుకున్నాడు.

"అవి అమ్మేటివి కావు."

అతను గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. చూడాల్సినవి ఇంకో ఏడు పానాలు మిగిలాయి. దుర్గప్ప గోడకు వీపు ఆన్చి, కాళ్ళు బార్లా చాపి, కాసేపు కూర్చుని చేద్దామనుకున్నాడు. గోడ వెచ్చగా ఉంది. నడుం నొప్పి తెలియలేదు. నొప్పి లేకుండా కూర్చుని ఎన్నాళ్ళయిందో.

నాలుగున్నరకు దత్తు గ్లాసు తీసుకుపోవడానికి వచ్చి రెండుసార్లు పిలిచాడు. తర్వాత గ్లాసు కింద పెట్టి, భుజం మీద చెయ్యి వేశాడు.

దుర్గప్ప పోయిన నాలుగో రోజు పొద్దున బసమ్మ వచ్చింది. మెస్సులో సగం పూట సెలవు అడిగి వచ్చింది. తుక్కు వ్యాపారి ఒకడు టెంపో తెచ్చి జాకీలు, రాడ్లు, పైపులు, పట్టా మీద మిగిలిన పానాలు అన్నీ ఎక్కించుకున్నాడు. ఐదో జాకీని కూడా పెట్టెలోంచి తీశాడు. గోడ వారనున్న వాటి మీదికి వంగబోతుంటే దత్తు అడ్డం వచ్చాడు.

"అవి ఉండనియ్యి. అమ్మేటివి కావని మామ ఆనాడే చెప్పిండు." బసమ్మవైపు తిరిగి నెమ్మదిగా అన్నాడు. "గుర్తు పెట్టి సైడుకు తీసిండు అత్తా. పొద్దున ఒక నర్సమ్మ వచ్చింది, గామెతోని చానసేపు కూసున్నడు. గామెకే మంచివి ఏరి పెట్టినట్టున్నడు."

బసమ్మ ఆ పానాలను చూసింది. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన ఎవరికైనా ఏదైనా ఏరి పెట్టడం ఆమె చూడలేదు. ఆమె కళ్ళు మొదటిసారి తడిశాయి. చెంగుతో ఒత్తుకుని, మాట ఇచ్చిండేమో, వస్తే ఇయ్యి నాయనా అంది. తర్వాత సిటీ బస్సు కోసం నడిచి వెళ్ళింది.

దత్తు ఆ పానాలను గోనెసంచిలో పేర్చి, వాన తగలకుండా, ఎవరూ ఎత్తుకుపోకుండా చెరుకుబండి కింద లోపలి వైపుకు జరిపాడు. సంచి మూతిలోంచి పన్నెండు నల్లటి పిడులు బయటికి కనిపిస్తున్నాయి. ఒక్కొక్క దాని మీద ఎండిన సున్నం తెల్లగా ఉంది.