చూద్దాంగారి మీద పోటీ

ఆ రోజు పొద్దున ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. స్కూలు వ్యాను నడిపే మా అత్త. బేకరీలో రాత్రి డ్యూటీ దిగి వచ్చి, నిద్రపోకుండా కూర్చున్న మామయ్య. అత్త తల్లి, అంటే మా నాన్నమ్మ. ఆవిడ ఓటు ఇంకా మా పల్లెలోనే ఉండటం వల్ల ఎవరికీ పనికిరాకుండా పోయానని పొద్దుటినుంచీ అలిగి ఉంది. అత్త కాగితాలన్నీ రాసిపెడుతున్న టైపు మాస్టారు. ఆయన రిటైరై పదేళ్ళయినా వేళ్ళు మాత్రం ఇంకా ఎక్కడ బల్ల కనబడితే అక్కడ టకటకలాడుతూనే ఉంటాయి. ఆ తర్వాత నేను. పల్లెలో పదో తరగతి అయ్యాక కాలేజీ కోసం ఈ ఇంటికి వచ్చి ఎనిమిది నెలలైంది. ఈ ఎనిమిది నెలల్లో నేను మాట్లాడిన మాటలన్నీ ఒక పోస్టుకార్డు మీద పడతాయని మామయ్య లెక్క. అందుకే నన్ను ‘రేడియో’ అని పిలుస్తాడు.

ఆ రోజు అత్త మా వార్డు మెంబరు పదవికి నామినేషన్ వేయాలి. మధ్యాహ్నం మూడింటితో గడువు సరి. ఇప్పుడున్న మెంబరుగారు పదిహేనేళ్ళుగా ఆ కుర్చీలో ఉన్నారు, అదీ ఒక్క ఓటూ పడకుండా. ఆయన మీద ఎవరూ నిలబడరు కాబట్టి ప్రతిసారీ ఏకగ్రీవమే. ఏది అడిగినా ‘చూద్దాం’ అంటారని వెనకాల అందరూ ఆయన్ని చూద్దాంగారు అంటారు. పెద్ద కాలువ మీద పలకలు వేయించమని అత్త ఆరేళ్ళు అడిగింది. ఆ కాలువ దాటితే గాని పిల్లలు వ్యాను ఎక్కలేరు. మొన్న వానల్లో ఒకటో క్లాసు పాప నడుముదాకా దిగబడిపోతే అత్త దూకి బయటికి లాగింది. పాప దక్కింది, బూటు దక్కలేదు. ఆ తడిబట్టలతోనే అత్త ఆయన ఇంటికి వెళ్తే, ఆయన గుమ్మంలోంచే ‘చూద్దాం’ అన్నారట.

“మీరు చూస్తూ ఉండండి, నేను నిలబడతాను” అని చెప్పి వచ్చేసింది.

“అదంతా బాగానే ఉంది. నువ్వు గెలిస్తే వ్యాను ఎవరు నడుపుతారే?” అన్నాడు మామయ్య, ఆ రోజు పొద్దున కూడా.

“నువ్వే.”

“నాకు రివర్సు రాదు.”

“అయితే ముందుకే పోనీ.”

“గెలవడం సంగతి తర్వాత. ముందు ఆ కాగితాలు ఇలా ఇవ్వండమ్మా” అన్నారు మాస్టారు. ఆయన అన్నిటినీ మూడుసార్లు చదువుతారు, అక్షరం తప్పుంటే ఊరుకోరు.

అభ్యర్థిని ఆ వార్డు ఓటర్లు పదిమంది బలపరచాలి. ఒక్కొక్కరి సంతకం పక్కన ఓటరు నంబరు ఉండాలి. మామయ్యదీ మాస్టారిదీ పోగా, మిగతా ఎనిమిది సంతకాలూ వ్యాను పిల్లల తల్లిదండ్రులవే. పొద్దున పిల్లల్ని ఎక్కించుకుంటూ, ఒక్కో స్టాపులో ఒక్కోటి పెట్టించుకుంది అత్త. నా పని నామినేషన్లు తీసుకునే ఆఫీసు గోడకి అంటించిన ఓటర్ల జాబితాని నోటుబుక్కులోకి ఎక్కించడం. మూడు సాయంత్రాలు గోడ దగ్గర నిలబడి ఆరువందల పదకొండు పేర్లు రాశాను. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు కాబట్టి నాకు ఆ పని బాగా నచ్చింది.

ఆ పొద్దున సంతకాల కాగితం నా చేతికి వచ్చినప్పుడు ఒకటి కనబడింది. తొమ్మిదో సంతకం కళ్ళద్దాల షాపాయనది. పక్కన ఆయన వేసుకున్న నంబరు ఎనభై ఏడు. నా పుస్తకంలో ఎనభై ఏడు పాలకేంద్రం ఆవిడ. కళ్ళద్దాలాయన పేరు నేను రాసిన గుర్తే లేదు. చెబుదామని నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే నాన్నమ్మ, “అందరికీ సంతకాలున్నాయి, కన్నతల్లికి లేదు” అని మొదలుపెట్టింది. మామయ్య ఏదో అన్నాడు. మాస్టారు ఇద్దర్నీ ఊరుకోమన్నారు. నేను నోరు మూసుకున్నాను. నేనే తప్పు ఎక్కించుకున్నానేమో అనిపించింది. డైరీలో మాత్రం ‘తొమ్మిదో పేరు లిస్టులో లేదేమో, అత్తకి చెప్పాలి’ అని రాసుకున్నాను. రాసుకుంటే చెప్పినట్టే ఉంటుంది నాకు.

ఒంటిగంటకి మామయ్య మమ్మల్ని ఆఫీసు దగ్గర దింపి, స్కూలు వదిలే వేళకి అందుకోవాలని వ్యాను తీసుకుపోయాడు. రివర్సు చేయక్కర్లేకుండా ఊరంతా చుట్టి వెళ్తానన్నాడు. అత్త, మాస్టారు, నేను హాల్లో బెంచీ మీద కూర్చున్నాం. మా ముందు వేరే వార్డులవాళ్ళు ఉన్నారు. మా పిలుపు వచ్చేసరికి రెండుంబావు దాటింది.

ఆఫీసరు మేడమ్ సన్నగా, నీరసంగా ఉంది. ఒక్కో నంబరూ జాబితాలో వెతికి టిక్కు పెడుతోంది. ఎనిమిది టిక్కులు పడ్డాయి. తొమ్మిదో దగ్గర పెన్ను ఆగింది.

“ఈ కళ్ళద్దాలాయన నా కళ్ళకి కనబడటం లేదమ్మా” అంది.

“అదేంటండీ, మా చివరి స్టాపు! కవల పిల్లలు, రోజూ ఎక్కించుకుంటాను” అంది అత్త.

“స్టాపు మీదే. ఆయన షాపు నాకూ తెలుసు. ఇల్లు రోడ్డుకి అవతల. అటువైపంతా పక్క వార్డు, ఈ నంబరూ అక్కడి జాబితాదే.”

అత్త ముఖం పాలిపోయింది. పన్నెండేళ్ళుగా ఆవిడకి వార్డంటే వ్యాను తిరిగే దారే.

“ఇంకో మనిషి సంతకం తెచ్చుకోండి. విడిగా కాగితం ఇస్తాను. మూడింటికి తలుపు వేసేస్తాం. అభ్యర్థి మాత్రం ఇక్కడే ఉండాలి, డిక్లరేషన్లు నాలుగున్నాయి, నా ఎదురుగా నింపాలి.”

మాస్టారు గోడ గడియారం చూశారు. రెండు ఇరవై ఎనిమిది. మా వీధికి నడిచి వెళ్ళాలంటే అరగంట. అత్త ఫోను తీసి ఇద్దరు తల్లులకి చేసింది. ఒకావిడ పనిలో ఉంది. రెండో ఆవిడ, “మా ఆయన వద్దన్నాడు వదినా, ఏమీ అనుకోకు” అంది.

నేను నోటుబుక్కు తెరిచాను. ఇంటి నంబర్ల వెంట వేలు పోనిస్తూ చూశాను. ఆఫీసుకి దగ్గరలో మా వార్డు ఓటరు ఒక్కడే ఉన్నాడు. పరుగెత్తితే పది నిమిషాల దూరంలో, సందు మలుపులో సెలూన్ ఆయన, పైనే కాపురం. రెండువందల ముప్పై మూడు. వేలు పెట్టి అత్తకి చూపించాను.

“ఆయనా? మొన్న అడిగితే ‘నన్నెందుకు లాగుతావమ్మా’ అన్నాడు.” అత్త నా ముఖంలోకి చూసింది. “ఏంటే, ఏడుస్తున్నావా?”

“పొద్దున్నే చూశాను అత్తా. తొమ్మిదో పేరు. చెప్పలేదు.”

అత్త ఆ కొత్త కాగితం నా చేతిలో పెట్టింది.

“తిట్లు ఇంటికెళ్ళాక. ఇప్పుడు పరుగెత్తు.”

సెలూన్ ముందు కూడా అదే కాలువ. దాటడానికి ఒక చెక్క వేసి ఉంది, కాలు పెడితే ఊగుతుంది. దాటి లోపలికి వెళ్ళాను. ఒకే కుర్చీ, గోడంతా అద్దం. కుర్చీలో ఒక మనిషి వెనక్కి వాలి పడుకుని ఉన్నాడు. ముఖం మీద వేడి తువ్వాలు, ముక్కు ఒక్కటే బయటికి ఉంది. సెలూన్ ఆయన గిన్నెలో నురగ కలుపుతున్నాడు.

“నున్నగా రావాలోయ్. మూడు కొట్టగానే ఫోటోగ్రాఫరు వస్తాడు” అంది తువ్వాలు. “నాలుగోసారి ఏకగ్రీవమంటే మాటలా!”

అది చూద్దాంగారి గొంతు.

సెలూన్ ఆయన అద్దంలో నన్ను చూశాడు, ఏంటన్నట్టు కనుబొమ్మలు ఎగరేశాడు. నోరు విప్పితే కుర్చీలో మనిషి వింటాడు. వెనక్కి వెళ్తే మూడవుతుంది. నోటుబుక్కు చివరి పేజీ తీసి రాశాను: ‘మా వ్యాను అత్తకి ఒక సంతకం తక్కువైంది. మూడింటిలోపల కావాలి. వార్డులో దగ్గర ఉన్నది మీరొక్కరే. మీ నంబరు 233.’ ఆయన ముందు పట్టుకున్నాను.

ఆయన చదివాడు. కుంచెతో కుర్చీవైపు చూపించి, తల అడ్డంగా ఊపాడు.

కింద ఇంకో ముక్క రాశాను: ‘మీరు ఆవిడకే ఓటు వేయక్కర్లేదు. సంతకం పెడితే ఓటంటూ ఒకటి వస్తుంది.’

ఆయన అది రెండుసార్లు చదివాడు. కుంచె గిన్నెలోనే తిరుగుతూ ఉంది.

“అయ్యా” అన్నాడు కుర్చీలో మనిషితో. “షాపు ముందు కాలువకి పలకలన్నారు కదండీ. మొన్న ఒక పెద్దాయన చెక్క మీంచి జారి పడబోయాడు.”

“ఎలక్షన్ అవనీ, చూద్దాం.”

“పోయినసారీ అదే అన్నారండీ. అంతకుముందూ అదే.”

“అంటే? అవనీ అంటున్నాగా.”

“అవడానికి, ఎలక్షనంటూ వస్తే కదండీ!”

తువ్వాలు కింద పొట్ట కదిలేటట్టు నవ్వారు చూద్దాంగారు. “భలేవాడివోయ్! అదీ నిజమే!”

సెలూన్ ఆయన నవ్వలేదు. గిన్నె పక్కన పెట్టాడు. చేతులు తుడుచుకుని నా పెన్ను అందుకున్నాడు. అద్దం ముందు దువ్వెనల మధ్య కాగితం పరిచి, చూద్దాంగారి తలకి జానెడు దూరంలో, నెమ్మదిగా తన పేరంతా రాశాడు. పక్కన నంబరు వేశాడు. మూల మీద కొంచెం నురగ పడింది.

“ఏంటోయ్ ఆ చప్పుడు?”

“కొత్త బ్లేడు కాగితం విప్పుతున్నానండీ” అన్నాడు. కాగితం నా చేతికి ఇస్తూ గుమ్మంవైపు కళ్ళతో తోశాడు. “ఇంకో వేడి తువ్వాలు వేస్తాను. ఇవాళ ఫోటో కదండీ, తొందరేముంది.”

చెక్క ఎలా దాటానో నాకు గుర్తులేదు. సందు మలుపులో ఒక కూరగాయల బండిని గుద్దుకున్నాను. “కళ్ళు నెత్తికెక్కాయా!” అని ఆవిడ తిట్టిన తిట్టు కూడా వెనకే ఉండిపోయింది. కాగితం మాత్రం తల మీదకి ఎత్తి పట్టుకున్నాను, నలగకూడదని. పల్లెలో బడికి వాగు దాటేటప్పుడు పుస్తకాల సంచీ అలాగే పట్టుకునేవాళ్ళం.

హాలు తలుపు సగం వేసి ఉంది. గడియ మీద చెయ్యి పెట్టుకుని బంట్రోతు నిలబడ్డాడు. సందులోంచి అత్త కనబడుతోంది. డిక్లరేషన్ల మీద సంతకాలు పెడుతూ, ఒక్కో సంతకానికీ ఒకసారి తలెత్తి గుమ్మంవైపు చూస్తోంది. మాస్టారి వేళ్ళు బెంచీ మీద పరుగెడుతున్నాయి. గడియారంలో మూడవడానికి ఇంకా మూడు నిమిషాలు.

“నువ్వు అభ్యర్థివా?” అన్నాడు బంట్రోతు.

తల అడ్డంగా ఊపాను.

“ఓటుందా?”

మళ్ళీ ఊపాను.

“అయితే బయటే. ఇక లోపలికి ఎవర్నీ పంపను.”

“నేను రానక్కర్లేదండీ! ఈ కాగితం వస్తే చాలు!”

అంత పెద్ద గొంతు నాలోంచే వచ్చిందని నాకు వెంటనే తెలియలేదు. హాల్లో బల్లల దగ్గర ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. ఆఫీసరు మేడమ్ పెన్ను ఎత్తి పట్టుకుంది. “తీసుకోవయ్యా, ఇంకా టైముంది” అంది. బంట్రోతు నురగ అంటకుండా రెండువేళ్ళతో కాగితం పట్టుకుని మాస్టారికి ఇచ్చాడు. మాస్టారు ఒక్కసారి కూడా చదవకుండానే అత్తకి ఇచ్చారు. అత్త బల్ల మీద పెట్టింది.

మేడమ్ వేలు జాబితా మీద కిందికి దిగుతోంది. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

“రెండువందల ముప్పై మూడు.” వేలు ఆగింది. “ఉన్నాడు.”

పదో టిక్కు పెట్టింది. స్టాంపు తీసి, ఇంకులో అద్ది, నామినేషన్ మీద ఠప్పున గుద్దింది. ఆ చప్పుడు హాలంతా వినబడింది. మాస్టారు కళ్ళజోడు తీసేసి ముఖం తుడుచుకున్నారు. అత్త నావైపు తిరిగి, ఆఖరి పిల్ల ఎక్కాక వ్యాను పక్కన చరిచినట్టు, బల్ల మీద రెండుసార్లు గట్టిగా చరిచింది.

“బల్ల ప్రభుత్వానిదమ్మా” అంది మేడమ్. నవ్వు ఆపుకుంటూనే అంది.

నా వెనక మెట్ల మీద అడుగుల చప్పుడు. చూద్దాంగారు కారు దిగి, ఫోటోగ్రాఫర్ని వెంటబెట్టుకుని వచ్చారు. బుగ్గలు నిగనిగలాడుతున్నాయి, చెవి వెనక కొంచెం నురగ ఉండిపోయింది. నేనెవరో ఆయనకి తెలియదు. నా తల మీంచి లోపలికి తొంగిచూస్తూ బంట్రోతుని అడిగారు.

“ఏమయ్యా, మా వార్డు ఏకగ్రీవమేగా?”

“కాదండీ. పోటీ ఉంది.”

“పోటీయా? ఎవరు?”

నేను పక్కకి జరగలేదు. “మా అత్త” అన్నాను.

బంట్రోతు గోడ గడియారం చూశాడు. “మూడు” అన్నాడు, నా ముఖం మీదే తలుపు మూసేశాడు.