గీకిన చోటు

దెసాంక ఆ డ్రాయింగు మీద సంతకం పెట్టేటప్పుడు చుట్ట విప్పి చూడలేదు. చూసి ఉంటే ఈ కథే లేదు. కానీ కూమ్ చేతి మీదుగా వచ్చిన కాగితాన్ని విప్పి చూసే మనిషి, డాన్యూబ్ ఒడ్డున ఉన్న ఆ చిన్న పట్నంలో ఇంతవరకూ పుట్టలేదు. కూమ్ అంటే పెళ్ళికి సాక్షిగా నిలబడేవాడు, బిడ్డకు మొదటి జుట్టు కత్తిరించేవాడు. రక్తసంబంధం కాదు గానీ దానికంటే గట్టిది. అక్కడ అన్నదమ్ములు పొలం గట్టు కోసం కోర్టుకెక్కుతారు, కూమ్‌ని మాత్రం పల్లెత్తు మాట అనరు.

దెసాంక తండ్రి మిలివోయ్ పడవల రేవులో పనివాడు. ఆయన కూమ్ స్వెతోజార్, నిర్మాణ విద్యాలయంలో మట్టి పాఠాలూ డ్రాయింగూ చెప్పే పంతులు. దెసాంక అక్కడ చేరిన మొదటి రోజే ఆయన క్లాసుకు ఒక గ్లాసు నీళ్ళూ, ఏటి గట్టున తవ్విన పసుపు మట్టి గడ్డా తెచ్చాడు.

"మీ తాతలు వైను దాచే గదులు ఈ మట్టిలోనే తవ్వుకున్నారు. ఎండి ఉన్నంతకాలం రాయిలా నిలబడుతుంది. ఇప్పుడు చూడండి," అని గడ్డను నీళ్ళలో వదిలాడు. పది లెక్కపెట్టేలోగా అది బురదై అడుగున కూలబడింది. "పొడిగా ఉన్నప్పుడు దీని మాటలు నమ్మకండి. పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకు లాంటిది ఇది!"

క్లాసంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది దెసాంకే. ఆ మనిషంటే ఆమెకు అంత గురి. బంకమట్టిని అరచేతుల మధ్య అగ్గిపుల్లంత సన్నగా పేనడం, చిటికెడు మట్టిని ముందుపళ్ళ మధ్య నలిపి ఇసుక ఉందో లేదో చెప్పడం, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకుంది. అన్నిటికంటే ముఖ్యంగా, తప్పు దిద్దడం నేర్చుకుంది.

ట్రేసింగ్ కాగితం మీద సిరా గీత తప్పితే సగం బ్లేడుతో గీకాలి. గీకాక గోటితో రుద్ది కాగితాన్ని నున్నగా చేయాలి, లేకపోతే కొత్త సిరా పాకుతుంది. స్వెతోజార్ దాన్నొక ఆటగా మార్చాడు. డ్రాయింగులో ఎక్కడో ఒకచోట గీకి, రుద్ది, పైన కొత్త గీత గీసి, "ఎక్కడో పట్టుకోండి చూద్దాం" అనేవాడు. అందరూ వేళ్ళతో తడుముకునేవాళ్ళు. ఆయన మాత్రం దెసాంకను పక్కకు పిలిచి రహస్యం చెప్పాడు.

"వేళ్ళు మొద్దువి తల్లీ. కింది పెదవి ఆనించి చూడు. పెదవిని ఎవడూ మోసం చేయలేడు."

ఆ తర్వాత ఆ ఆటలో ఆమెను ఓడించినవాళ్ళు లేరు.

మొదటి ఏడాది వేసవిలో మున్సిపాలిటీ శిశుపాఠశాల కట్టే స్థలంలో ఆమె చేతి బర్మాతో మూడు బోర్లు వేసింది. అరచేతులు బొబ్బలెక్కాయి. ఏడు మీటర్ల దాకా పసుపు మట్టే, ఆ కింద గులకరాళ్ళు. ఆ పొరల బొమ్మను సిరాతో గీసి, మూలన తన పేరు రాసి, బోర్ల లెక్కలు రాసుకున్న నోటు పుస్తకంతో సహా, ఆ కట్టుబడి పని చూస్తున్న కూమ్‌కి ఇచ్చింది.

సెప్టెంబరులో, వాళ్ళ పెరట్లో మిరపకాయలు కాలుస్తుండగా, ఆయన ఆ కాగితాన్ని చుట్టగా చుట్టి తెచ్చాడు. మూల మాత్రమే బయటికి ఉంది.

"కాస్త శుభ్రం చేశానంతే. ఇక్కడొక సంతకం పెట్టు బంగారం."

దెసాంక ఒక్క క్షణం ఆగింది. "చేతులు నల్లగా ఉన్నాయి, కూమే. కడుక్కొచ్చి విప్పి చూస్తాను."

తండ్రి కసిరాడు. "చూసి పెట్టడానికి ఆయనేమన్నా పరాయివాడా? సిగ్గు లేదూ?"

ఆమె చేతులు గౌనుకు తుడుచుకుని సంతకం పెట్టేసింది.

పాఠశాల లేచింది. సంతకం పెట్టిన ఏడాదిన్నరకు, మంచు కరిగిన వారంలో తూర్పు మూల జానెడు కుంగి, గోడ నిలువునా చీలింది. ఆదివారం కాబట్టి పిల్లలు బతికిపోయారు. బెల్‌గ్రేడ్ నుంచి విచారణకు మనుషులొచ్చారు. డ్రాయింగులో పసుపు మట్టి రెండే మీటర్లుంది. పునాదులు ఆ లెక్కనే వేశారు. బొమ్మ మూలన దెసాంక సంతకం ఉంది. జూన్‌లో చేతికి రావలసిన డిప్లొమా ఆపేశారు. తప్పు రుజువైతే ఇక ఈ జన్మకు గీత గీసే పని దొరకదు.

కూమ్ విచారణకొచ్చిన వాళ్ళతో ఏమన్నాడో ఆమెకు తెలిసింది. "పిల్ల కదా, పొరపాటు పడింది. నేను నమ్మాను," అన్నాడట. నోటు పుస్తకం పోయిందన్నాడట. కంచే చేను మేసింది.

"తలొంచుకుని ఒప్పుకో. కూమ్‌ని అబద్ధాలకోరని ఎలా అంటాం?" అన్నాడు తండ్రి.

"నేను అబద్ధాలకోరునైతే ఫర్వాలేదా నాన్నా?"

ఆయన సిగరెట్ వెలిగించుకున్నాడు.

విచారణ డ్రాయింగు గదిలోనే జరిగింది. పెద్ద ఇంజనీరు యగోదా అనే నెరసిన జుట్టావిడ. మాట కటువు. "పంతొమ్మిదేళ్ళ పిల్ల గీత మీద తనిఖీ లేకుండా బడి కట్టారా? బాగుందయ్యా వరస!" అని ముందు స్వెతోజార్‌నే కడిగింది. తర్వాత దెసాంక వైపు తిరిగి, "ఈ సంతకం నీదేనా?" అంది.

"నాదే. గీత నాది కాదు."

"రుజువు?"

దెసాంక బల్ల మీదికి వంగింది. ఏడు మీటర్ల దగ్గర, గులకరాళ్ళ చుక్కలు నిండుగా ఉన్నచోట, కింది పెదవి ఆనించి మెల్లగా జరిపింది. కమిటీలో ఒకాయన కిసుక్కుమన్నాడు. స్వెతోజార్ నవ్వలేదు. ఆయన ముఖం సున్నంలా పాలిపోయింది.

పెదవికి తగిలింది. పుట్టినప్పటి నుంచి నమ్మిన మనిషి గోటితో ఎంత శ్రద్ధగా రుద్దినా పోని గరుకు అది. అది తగలకూడదనే రాత్రంతా దేవుడికి మొక్కుకుంది ఆ పిచ్చిపిల్ల. తన డిప్లొమా పోయినా సరే, ఆయన మంచివాడిగా మిగిలితే చాలనుకుంది.

"ఇక్కడ," అంది. "కిటికీకి ఆనించి చూడండి."

యగోదా కాగితాన్ని ఎండకు పట్టింది. పొడుగ్గా ఒక పలచని పట్టీ వెలిగింది. చుక్కల సిరా అక్కడే సన్నగా పాకి ఉంది. ఏడు మీటర్ల గీతను చెరిపిన చోటు అదే.

"ముప్ఫయ్యేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. నాకు తెలియలేదు," అంది యగోదా. "ఇలా పట్టుకోవడం నీకెవరు నేర్పారమ్మా?"

దెసాంక వేలెత్తి చూపలేదు. "ఆయనే," అంది.

స్వెతోజార్ కుర్చీలో కూలబడ్డాడు. "ఏడు మీటర్లంటే లోతు పునాదులు, నెలల తరబడి పని. మే ఒకటికి పాఠశాల తెరుస్తానని పైవాళ్ళకు మాటిచ్చాను," అన్నాడు. "తల్లీ, నీ మొదటి జుట్టు కత్తిరించింది నేను!"

"అందుకే కదా విప్పి చూడలేదు," అంది దెసాంక. అప్పుడు ఏడ్చింది.

డిప్లొమా వచ్చింది. స్వెతోజార్ ఉద్యోగం పోయింది. డిసెంబరులో ఇంటి దేవుడు నికోలా పండుగ వచ్చింది. మిలివోయ్ బల్ల తలవైపు కూమ్ కుర్చీ వేసి, గ్లాసులో రకియా సారా పోసి పెట్టాడు. ఆ కుర్చీలోకి ఎవరూ రారని అందరికీ తెలుసు. పండుగ రొట్టె కోసేటప్పుడు కూడా మిలివోయ్ తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు.

దెసాంక ఆ కుర్చీని పక్కకు జరపబోయింది.

"ముట్టుకోకు," అన్నాడు తండ్రి. "నీ డిప్లొమా నీకొచ్చింది కదా. నా కూమ్‌ని తెచ్చివ్వగలవా?"