వేరు కుప్ప

దాదాబీ చెక్కపారతో శనక్కాయల్ని గోడవారకు లాగుతోంది. బుక్కరాయసముద్రం దారిలోని ఆ విత్తనాల షెడ్డులో రోజూ ఒకటే పెద్ద కుప్ప పోస్తారు. దాని చుట్టూ ఆడవాళ్లంతా గుండ్రంగా కూర్చుని వలుస్తారు. పోసేది దాదాబీ, పోశాక వాళ్లతో కూర్చుని వలిచేదీ ఆమే. ఈరోజు మాత్రం మేస్త్రీ వనజాక్షి చెప్పిందని మారెక్కకు విడిగా చిన్న కుప్ప పోసింది. తన చేతుల మీద తనకే రోత పుట్టింది.

మారెక్క చేసిన ఘోరమేమిటంటే, షెడ్డు చూడ్డానికొచ్చిన అధికారులతో నిజం చెప్పడం. మరుగుదొడ్డిలో మూటలు నింపి తాళం వేశారనీ, ఆడవాళ్లు ముళ్లచెట్ల చాటుకు పోతున్నారనీ చెప్పింది. అప్పట్నుంచీ ఆమె పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. దాదాబీ కూడా కూర్చోలేదు. మొగుడు పోయాక ఈ షెడ్డుతోనే పొయ్యి వెలిగిస్తున్న మనిషి. ఈ ఏడు వాన మొహం చూపించలేదు, బయట కూలి లేదు.

మధ్యాహ్నం మేనేజరు విష్ణువర్ధన్ అందర్నీ పిలిచాడు. బెంగళూరులో ఏదో ట్రైనింగుకు పోయి గోనెసంచెడు ఇంగ్లీషు మోసుకొచ్చాడు మహానుభావుడు.

“దీన్ని కాన్‌ఫ్లిక్ట్ అంటారు. టీమ్ అన్నాక డిఫరెన్స్ ఆఫ్ ఒపీనియన్ వస్తాది. మారెక్కది చిన్న మిస్‌అండర్‌స్టాండింగ్. ఏదీ, అందరూ అనండి, కాన్‌ఫ్లిక్ట్!”

బడిపిల్లల్లా అందరూ అన్నారు. దాదాబీ కూడా అంది. పురుగుపట్టిన పప్పు నమిలినట్టయింది.

“నాకేమీ తప్పుగా అర్థం కాలేదు సార్,” అంది మారెక్క. “దొడ్డికి తాళం ఉండాదా, లేదా? అది చెప్పు.”

“చూసినారా, ఇదే గ్రూపిజం!” అన్నాడతను నవ్వుతూ. “గ్రూపులు కట్టేవాళ్లు రేపట్నుంచి పనికి రావద్దు.”

గ్రూపట! ఆ గోడవార ఒంటరిగా ఉన్నది మారెక్క ఒక్కతే.

“ఒక్కతే ఏమి గ్రూపు కడతాది సార్?” అనేసింది దాదాబీ. “కుప్ప వేరు చేసింది నేను. చేయమన్నది వనజాక్షమ్మ. తాళం నిజమే. నేనూ ముళ్లల్లోకే పోతాండా.”

“దాదాబీ, ఆర్గ్యుమెంట్ వద్దు.”

“థూ! కంపు కొడ్తాంటే కంపనక, దానికి ఇన్ని ఇంగ్లీషు పేర్లేంది సార్!”

“నువ్వు కూడా రావద్దు,” అన్నాడు విష్ణువర్ధన్.

మారెక్క అప్పటికే బయటికి నడిచింది. దాదాబీ తొట్టి దగ్గర చేతులు కడుక్కుని, కొంగు సర్దుకుని వెనకాలే బయల్దేరింది. రేపటి తిండి గుర్తొచ్చింది. అయినా ఆగలేదు.

“ఇష్యూ క్లోజ్ సార్,” అంటోంది వనజాక్షి.

గేటు దాటబోతూ దాదాబీ ఒకసారి తిరిగి చూసింది. ఆడవాళ్లు మళ్లీ పెద్ద కుప్ప చుట్టూ చేరారు. ఆమె చోటులోకి మాత్రం ఎవరూ జరగలేదు. అక్కడ ఆమె కూర్చునే గోనెపట్ట, నడుమ గుంటపడి, పరిచింది పరిచినట్టే ఉంది.