రోసమ్మ సంతకం

బొల్లారంలోని ఆ పాత చర్చిలో బాప్తిస్మపు తరగతి పధ్నాలుగేళ్ళుగా రోసమ్మ చేతిలోనే ఉంది. బాప్తిస్మం కావాలన్నవాళ్ళు ఎవరైనా ఆరు ఆదివారాలు ఆమె ముందు కూర్చోవాలి. చివర్లో ఆమె ప్రశ్నలు అడిగి, కాగితం మీద సంతకం పెడితేనే పాస్టరుగారు నీళ్ళలోకి దించేవారు. పోస్టాఫీసులో గుమాస్తాగా ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషి కావడంతో, సంతకమంటే ఆమెకు ఆషామాషీ వ్యవహారం కాదు. ఆమె తాత కంటోన్మెంటులో దొరల బంగళాల్లో వంట చేస్తూ ఈ సంఘంలో చేరాడు. మేము మూడు తరాల క్రైస్తవులం అని కొత్తవాళ్ళకు ఆమె తప్పకుండా చెప్పేది. దేవుడు మనల్ని ఏర్పరచుకున్నది మన గొప్ప చూసి కాదు, కేవలం కృప వల్ల అని అదే తరగతిలో చెప్పేదీ ఆమే.

2006 ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం పాస్టరు జ్ఞానశేఖర్ ఆమె ఇంటికి వచ్చాడు. ఇచ్చిన చాయ్ ముట్టకుండా, కొత్త తరగతిలో చేరేవాళ్ళ పేర్లు చదవడం మొదలుపెట్టాడు. మూడో పేరు దగ్గర ఆగి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, దేముడుబాబు అన్నాడు.

ఆ పేరు రోసమ్మ కోర్టు వరండాలో కొన్ని వందల సార్లు విన్నది. మూడేళ్ళ కిందట ఆమె ఒక్కగానొక్క కూతురు సుమిత్ర మాదాపూర్‌లో ఒక కాల్‌సెంటర్లో పనిచేసేది. రాత్రి డ్యూటీ ముగించుకుని తెల్లారి కంపెనీ సుమోలో ఇంటికి వచ్చేది. ఆ సుమో డ్రైవరే దేముడుబాబు. అనకాపల్లి దగ్గరి పల్లె నుంచి బతుకుదెరువుకు వచ్చి సీతాఫల్‌మండిలో కాపురం ఉండేవాడు. ఆ రోజు వరుసగా రెండు షిఫ్టులు నడిపి, తాడ్‌బండ్ దగ్గర కునుకు పట్టి, ఆగి ఉన్న లారీని గుద్దాడు. బండిలో సుమిత్ర ఒక్కతే ఉంది. అతనికి పెద్దగా దెబ్బలు తగల్లేదు. దిగి పారిపోయాడు. రోడ్డు మీద పోయేవాళ్ళెవరో చూసి ఆసుపత్రికి చేర్చేసరికి ముప్పావుగంట గడిచింది. పదిహేను నిమిషాలు ముందు తెచ్చినా బతికేదని డాక్టరు కోర్టులో చెప్పాడు. రెండేళ్ళు శిక్ష పడింది. నిద్ర పట్టినందుకు రోసమ్మ ఎప్పుడో ఒకనాటికి క్షమించేదేమో. పారిపోయినందుకు క్షమించలేదు.

పాస్టరు మెల్లగా మిగిలింది చెప్పాడు. ప్రతి గురువారం తాను జైలుకు వెళ్ళి ఖైదీలకు వాక్యం చెబుతున్నాడు. దేముడుబాబు అక్కడే కలిశాడు. విడుదలై నెల దాటింది. బొల్లారంలో నీళ్ళ ట్యాంకరు నడుపుతున్నాడు.

రోసమ్మ అడిగింది.

“మీకు ఎన్నొద్దుల సంది ఎరుక?”

“ఏడాదిన్నర.”

“మా ఇంట్ల సుమిత్ర దినానికి ప్రార్థన చేసిండ్రు. అప్పుడు సుత ఎరుకనా?”

పాస్టరు తల ఊపాడు.

“పొద్దున వానికి ప్రార్థన, పొద్దుగూకి నాకు. మంచిగున్నది. ఇగ నా గడప తొక్కకుండ్రి అయ్యగారూ.”

ఆయన లేచి నిలబడి ఏదో చెప్పబోయాడు. ఆమె చాయ్ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, ఆయన చూస్తుండగానే తొట్లో ఒంపేసింది.

మరుసటి వారం ఆమె సంఘంలో ఇంటింటికీ తిరిగింది. దేముడుబాబుకు బాప్తిస్మం ఇవ్వకూడదని రాసిన కాగితం మీద నలభై ఒక్కమంది చేత సంతకాలు పెట్టించింది. సంఘ కార్యదర్శి పర్వతాలు అందరికంటే ముందు పెట్టాడు. కేసుల్లోంచి, కష్టాల్లోంచి బయటపడటానికి ఇలాంటివాళ్ళు మతం మారతారనీ, ఎక్కడినుంచో వచ్చినవాడి కోసం తాతల నాటి కుటుంబాన్ని ఏడిపిస్తారా అనీ అతను కమిటీలో గట్టిగా మాట్లాడాడు. పాస్టరు మాత్రం ఒక్కటే అన్నాడు. మనలో ఎవరిని చేర్చుకునేటప్పుడు దేవుడు మిగతావాళ్ళ సంతకాలు అడిగాడో చెప్పమన్నాడు. చివరికి కమిటీ ఒక తీర్మానం చేసింది. తరగతికి ఎవరైనా రావచ్చు. కానీ ఎప్పటిలాగే పరీక్ష రోసమ్మదే. ఆమె సంతకం లేకుండా బాప్తిస్మం లేదు. అది దేముడుబాబును వద్దనడానికి మర్యాదైన దారి అని అందరికీ తెలుసు.

దేముడుబాబు ఉన్న తరగతికి తాను చెప్పనని రోసమ్మ తప్పుకుంది. ఆమె బదులు పాస్టరుగారి భార్య పాఠం చెప్పింది. ఒక ఆదివారం రోసమ్మ ఆ గది కిటికీ పక్క నుంచి పోతూ లోపలికి చూసింది. చివరి వరసలో అతను వీపు నిటారుగా పెట్టి, నోట్‌బుక్కులో ఏదో రాసుకుంటున్నాడు. బడికి కొత్తగా వచ్చినవాడిలా ఉన్నాడు. మనిషి సన్నబడ్డాడు. అంత ప్రశాంతంగా రాసుకోవడం చూసి ఆమెకు ఒళ్ళు మండింది. తన కూతురు మట్టిలో ఉంది, ఇతను మార్జిను గీసుకుంటున్నాడు అనుకుంది.

కోర్టు కాగితాల్లో అతని ఇంటి చిరునామా ఉంది. మర్నాడే ఆమె బస్సెక్కి సీతాఫల్‌మండిలో దిగి, సందులు వెతుక్కుంటూ ఆ ఇల్లు పట్టుకుంది. అతని భార్య గవరమ్మ గుమ్మం ముందు బట్టలు ఆరేస్తోంది. నాలుగేళ్ళ కూతురు పూజిత మెట్టు మీద కూర్చుని పలక మీద గీతలు గీస్తోంది. లోపల గోడకు అనకాపల్లి అమ్మవారు నూకాలమ్మ పటం, దాని ముందు వెలిగించిన దీపం ఉన్నాయి. రోసమ్మ తాను ఎవరో చెప్పింది. గవరమ్మ చేతిలో చీర అలాగే పట్టుకుని నిలబడిపోయింది. తన భర్త జైల్లో ఉన్న రెండేళ్ళూ నాలుగిళ్ళలో పాచిపని చేసి పిల్లను సాకిన మనిషి ఆమె. భర్త క్షేమంగా తిరిగొస్తే పిల్ల తలనీలాలు ఇస్తానని నూకాలమ్మకు మొక్కుకుని ఉంది.

బాప్తిస్మం సంగతి అతను ఇంకా ఇంట్లో చెప్పలేదని రోసమ్మ ఊహించింది. ఊహ నిజమే. అంతా విప్పి చెప్పింది. ఆదివారాలు ట్యాంకరు డ్యూటీ అని చెప్పి అతను ఎక్కడికి వెళ్తున్నాడో కూడా చెప్పింది.

గవరమ్మ ఏడవలేదు.

“మీ దేవుడు మీ పిల్లని తీసుకుపోనాడు. సాల్లేదేటి? నా మొగుణ్ణి కూడా తీసుకుపోతాడేటి?” అంది. చీర తీగె మీద వేసి, “నువ్వు నా మంచి కోరి సెప్పలేదు. నాకు తెలుసు. ఎల్లిపో,” అంది.

తిరుగు బస్సులో రోసమ్మ మనసు తేలికగానే ఉంది. మూడు రోజులకు గవరమ్మ పిల్లను తీసుకుని అనకాపల్లి వెళ్ళిపోయిందని తెలిసింది. అప్పుడు కూడా ఆమెకు బాధ కలగలేదు. వాడికీ ఇల్లు ఖాళీ అయింది, అదెలా ఉంటుందో తెలియనీ అనుకుంది.

ఈస్టర్‌కు ముందు శనివారం పొద్దున పరీక్ష పెట్టారు. చర్చి పక్కన పాస్టరు అంగీలు మార్చుకునే చిన్న గదిలో బల్లకు అటు రోసమ్మ, ఇటు దేముడుబాబు కూర్చున్నారు. తలుపు తీసే ఉంది. ఆమె ఎప్పుడూ అడిగే ప్రశ్నలు పక్కన పెట్టి, పాస్టర్ల కాలేజీలో అడిగేలాంటివి అడిగింది. ప్రవక్తల పేర్లు వరసగా చెప్పమంది. నిబంధన అంటే ఏమిటంది. అతనికి సగం కూడా రాలేదు. రానివాటికి తెలీదండి అని చెప్పాడు. బుకాయించలేదు. ఆమె కాగితం మీద ఒక్కో ప్రశ్న పక్కన సున్నా పెట్టుకుంటూ పోయింది.

చివరిది పరీక్ష కాగితం మీద అచ్చేసి ఉన్న ప్రశ్న. అందరినీ అడగాల్సిందే. దేవుడు నిన్ను ఎందుకు చేర్చుకోవాలి? దీనికి చాలామంది తాగుడు మానేశామనో, రోజూ ప్రార్థన చేస్తున్నామనో చెబుతారు. అలా తమ మంచితనం చూపించినవాళ్ళను రోసమ్మ మళ్ళీ తరగతికి పంపేది. ఈసారి ఆ జవాబు కోసమే ఎదురుచూస్తూ కలం పట్టుకుంది.

దేముడుబాబు బల్ల వైపు చూస్తూ మాట్లాడాడు.

“నాకాడ ఏటీ లేదండి, చేర్చుకోడానికి,” అన్నాడు. “కోర్టులో ఒక అబద్ధం ఆడేను. ఆ పొద్దు బండి దిగినప్పుడు మీ అమ్మాయికి తెలివుందండి. అన్నా, పోవద్దు అని పిలిసింది. నాకేటీ వినబడలేదని సెప్పేను. వినబడిందండి. రెండుసార్లు పిలిసింది. వినే పరిగెత్తేను.”

రోసమ్మ లేచింది. బల్ల మీదుగా వంగి అతని చెంప మీద కొట్టింది. ఒకసారి కాదు. చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టింది. అతను ముఖం తిప్పుకోలేదు, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. బయట వరండాలో ఎవరో పరుగున వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయారు. ఆమె మళ్ళీ కూలబడ్డాక అతను మాట్లాడాడు.

“శిక్ష అయిపోతే లెక్క తీరిపోద్దనుకున్నాను. ఆ దేవుడేమో వద్దన్నా ఎనకాలే వచ్చేడు. నన్ను ఒగ్గీస్తేనే సులువుగా ఉండేదండి.”

ఎందుకో తనకే తెలియకుండా రోసమ్మ, “నీ పెండ్లానికి చెప్పింది నేనే,” అంది.

“తెలుసండి.”

“కోపం లేదా?”

“ఉందండి,” అన్నాడు. “శానా ఉంది. పిల్ల గుర్తొచ్చినప్పుడల్లా మీరంటే అసయ్యం వస్తాది. అది కూడా ఆయనకి సెప్పేను.”

ఆమె కాగితం వైపు చూసింది. సున్నాలన్నీ వరసగా ఉన్నాయి. వాటి కింద ‘తగడు’ అని రాస్తే చాలు. కానీ ఆ చివరి ప్రశ్న ఒక్కటే అసలైనదని, మిగతావి ఎన్ని తప్పినా అది సరిగ్గా చెప్పినవాడిని ఆపకూడదని ఈ గదిలోనే ఎందరికో ఆమె చెప్పింది. అదే ప్రశ్న తనను ఎవరూ అడగలేదు. తాత పేరు చెప్పి ఆమె లోపలికి వచ్చేసింది. ఇప్పుడు అడిగితే ఏం చెప్పాలి? సీతాఫల్‌మండిలో ఆ గుమ్మం ముందు నిలబడి, పలక పట్టుకున్న పిల్లను చూస్తూ, ఆ ఇల్లు విరుగుతుందని తెలిసి మాట్లాడిన మనిషి ఏం చెప్పాలి? తన దగ్గర కూడా ఏమీ లేదు. అది ఒప్పుకోవడం ఆమెకు ఓదార్పుగా లేదు. ఈ మనిషి పక్కన తనను ఎవరో బలవంతాన నిలబెట్టినట్టు అనిపించి మరింత కోపం వచ్చింది.

సంతకం పెట్టింది. కాగితం అతని వైపు తోసింది.

“జవాబు సరిగ్గ చెప్పినవ్. గంతే. నేను నిన్ను మాఫ్ చెయ్యలే. చేస్తనని సుత అంటలేను,” అంది.

అతను కాగితం తీసుకుని, నమస్కారం కూడా పెట్టకుండా బయటికి వెళ్ళాడు.

ఈస్టర్ నాడు అతనికి బాప్తిస్మం ఇచ్చారు. రోసమ్మ వచ్చి చివర బెంచీలో కూర్చుంది. అతను నీళ్ళలోంచి లేచినప్పుడు అందరూ పాడారు, ఆమె పాడలేదు. ఆరాధన అయ్యాక కార్యదర్శి పర్వతాలు ఆమె దగ్గరికి వచ్చి, నలభై ఒక్కమంది ముఖం మీద ఉమ్మేశావన్నాడు. కన్నబిడ్డను మరిచిపోయిందని ఆడవాళ్ళు ఆమెకు వినబడేలాగే అనుకున్నారు. సుమిత్ర దినానికి ప్రతి ఏడూ వంటకు సాయం వచ్చేవాళ్ళు ఆ తరువాత రాలేదు. ఆమె ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు. చెప్పడానికి ఆమెకే పూర్తిగా అర్థం కాలేదు.

మే నెలలో ఆమె కోర్టు కాగితాల్లోని సొంతూరి చిరునామాకు గవరమ్మ పేర ఉత్తరం రాసింది. నీ కాపురం చెడాలనే వచ్చి చెప్పాను, తప్పు నాది అని రాసింది. అతని గురించి మంచి మాట ఒక్కటీ రాయలేదు. జవాబు రాలేదు. బడులు తెరిచే వేళకు గవరమ్మ పిల్లను తీసుకుని సీతాఫల్‌మండికి తిరిగి వచ్చింది. ఉత్తరం చూసి వచ్చిందో, పిల్ల చదువు కోసం వచ్చిందో తెలియదు. నూకాలమ్మ దీపం ఆరనివ్వలేదు, చర్చికి రాలేదు. ఒకసారి రోసమ్మ చూడటానికి వెళ్తే ముఖం మీదే తలుపు వేసేసింది. రోసమ్మ కాసేపు సందులో నిలబడి వెనక్కి వచ్చింది.

ఆ సంఘంలో నెలకొకసారి ప్రభు బల్ల ఉంటుంది. ఆడా మగా వరసలు వరసలుగా వచ్చి ముందున్న కటకటాల దగ్గర మోకరిస్తే పాస్టరు రొట్టె, ద్రాక్షరసం గిన్నె అందిస్తాడు. దేముడుబాబు మొదటి వరస చివర మోకరించేవాడు. అతని పక్క చోటు ఖాళీగా ఉండేది. మే నెలలో రోసమ్మ వంతు వచ్చేసరికి మిగిలింది ఆ చోటే. ఆమె వెనక్కి తిరిగి బెంచీలో కూర్చుని రెండో వరస దాకా ఆగింది. జూన్‌లోనూ అంతే చేసింది.

జూలైలో ఆ ఆదివారం పొద్దున్నుంచీ కుండపోత వాన. పట్టుమని ఇరవై మంది రాలేదు. అందరూ ఒకే వరసలో సరిపోయారు. రెండో వరస ఉండదని పాస్టరు చెప్పకముందే రోసమ్మకు అర్థమైంది. ఆమె బెంచీలో కొంతసేపు కూర్చుంది. తరువాత లేచి నడిచివెళ్ళి దేముడుబాబు పక్కన, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఎడం వదిలి మోకరించింది. అతను తల తిప్పలేదు. పాస్టరు అతనికి గిన్నె తాగించి, అంచు గుడ్డతో తుడిచి, ఆమె ముందుకు వచ్చాడు. రోసమ్మ తాగింది. లేచి, అతని వైపు చూడకుండా, గొడుగు తెరుచుకుని వానలోనే ఇంటికి నడిచింది.